మాజ్డా మియాటాలో హైడ్రాలిక్ క్లచ్ పట్టు తప్పినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాజ్డా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకు వచ్చింది. అమెరికాలో దానిని మియాటా అంటారు. 1997 వరకు వచ్చినది మొదటి తరం, 2005 వరకు వచ్చినది రెండో తరం. ఈ రెండు తరాల కార్లూ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి కనుక, వాటిని కొనుక్కొని సెలవు రోజుల్లో సొంతంగా బాగు చేసుకునే మనవాళ్లకు మొదట ఎదురయ్యే పనుల్లో క్లచ్ హైడ్రాలిక్స్, అంటే పెడల్ నొక్కును ద్రవం ద్వారా క్లచ్‌కు చేర్చే భాగాలు, ఒకటి. ఈ పేజీలోని సమాధానాలు ప్రధానంగా ఆ కారును దృష్టిలో పెట్టుకొని రాసినవి.

నిన్నటి దాకా బాగానే ఉన్న క్లచ్ పెడల్ ఈ ఉదయం తొక్కగానే నేలకు అంటుకుపోయింది. ఏమై ఉంటుంది?

చాలా సందర్భాలలో పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌లోనో, గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్‌లోనో ద్రవాన్ని ఆపే రబ్బరు కప్పు (సీలు) అరిగిపోయి ఒత్తిడి నిలబెట్టలేక పోవడమే దీనికి కారణం. ఇది ఒక్క రాత్రిలో జరిగినట్లు కనిపించినా నిజానికి అలా జరగదు. అంతకు ముందు కొన్ని వారాలుగా రివర్స్ గేరు వేసేటప్పుడు కరకరమని శబ్దం రావడం, పొద్దున మొదటిసారి గేరు మొండికేయడం, పెడల్ రెండు మూడు సార్లు గబగబా తొక్కితే మళ్లీ సర్దుకోవడం వంటి సూచనలు ఉండే ఉంటాయి. అవి సర్దుకుంటున్నాయి కదా అని మనం పట్టించుకోము. రాత్రంతా కారు నిలిచి ఉన్నప్పుడు ద్రవం కొద్దికొద్దిగా కారిపోయి, ఆ ఖాళీలోకి గాలి చేరడం వల్ల లోపం ఉదయం పూటే బయటపడుతుంది.

అసలు ఈ వ్యవస్థ పని చేసే తీరు ఏమిటి?

పెడల్ తొక్కినప్పుడు ఒక కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. ఆ పిస్టన్ ముందున్న ద్రవం ఉక్కు గొట్టంలోనూ, చివర కొద్ది దూరం రబ్బరు గొట్టంలోనూ ప్రయాణించి, గేర్‌బాక్స్ పక్కన బయటి వైపు బిగించి ఉన్న స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను నెడుతుంది. స్లేవ్ కడ్డీ ఫోర్క్‌ను, ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ను, బేరింగ్ క్లచ్ ప్లేట్‌ను బిగించి పట్టే ప్రెషర్ ప్లేట్ వేళ్లను నొక్కితే క్లచ్ ప్లేట్ విడుదలవుతుంది.

కొలతలు చూస్తే లోపం ఎందుకింత త్వరగా బయటపడుతుందో అర్థమవుతుంది. మొదటి తరం మియాటాలో మాస్టర్ లోపలి వ్యాసం 15.87 మి.మీ., స్లేవ్ లోపలి వ్యాసం 19.05 మి.మీ. అంటే మాస్టర్ పిస్టన్ 10 మి.మీ. కదిలితే బయలుదేరే ద్రవం రెండు ఘన సెంటీమీటర్లకు కాస్త తక్కువ, దానితో స్లేవ్ పిస్టన్ కదిలేది సుమారు 7 మి.మీ. మాత్రమే. స్లేవ్ కడ్డీ ఒక్క మిల్లీమీటరు కదలడానికి 0.3 ఘన సెంటీమీటరు ద్రవం కూడా అక్కరలేదు, అంటే దాదాపు ఆరు చుక్కలు. ఆ ఆరు చుక్కల చోటును గాలి ఆక్రమించుకుంటే, మీరు తొక్కిన తొక్కులో ఒక మిల్లీమీటరు ఆ గాలిని నలపడానికే ఖర్చవుతుంది. స్లేవ్ కడ్డీ మొత్తం ప్రయాణం ఆరోగ్యంగా ఉన్నప్పుడే 12 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది కనుక, అందులో మూడు నాలుగు మిల్లీమీటర్లు పోతే క్లచ్ విడవదు.

లోపం హైడ్రాలిక్స్‌లో ఉందా, గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌లో ఉందా అని ఎలా తేల్చుకోవాలి?

ముందుగా రెండు రకాల ఫిర్యాదులను విడదీయాలి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ వేగం పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లు, అది సాధారణంగా క్లచ్ ప్లేట్ అరుగుదల. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు పడకపోతే, పడినా కారు ముందుకు గుంజుతూ ఉంటే క్లచ్ విడవడం లేదన్నమాట. హైడ్రాలిక్ లోపం దాదాపు ఎప్పుడూ ఈ రెండో రకంగానే కనిపిస్తుంది.

రెండో రకం అని తేలితే, ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో పెడల్ పూర్తిగా తొక్కిపట్టి, పది సెకన్లు ఆగి, నెమ్మదిగా రివర్స్ వేసి చూడండి. పెడల్ తొక్కిపట్టి ఉన్నంతసేపూ క్లచ్ నిజంగా విడిచి ఉంటే గేర్‌బాక్స్ లోపలి షాఫ్టు తిరగడం మానేస్తుంది, రివర్స్ నిశ్శబ్దంగా పడుతుంది. కరకరమంటే ఇంకా తిరుగుతోందని అర్థం. తర్వాత ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. ఇంజిన్ ఆపినప్పుడు అన్ని గేర్లూ వెన్నలా పడుతూ, నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే గేర్‌బాక్స్ నిర్దోషి.

ఇక అసలైన పరీక్ష స్లేవ్ కడ్డీ ప్రయాణాన్ని కొలవడం. ఒకరు పెడల్ తొక్కుతూ ఉండగా, మరొకరు స్లేవ్ పక్కన ఉక్కు స్కేలు పట్టుకొని కడ్డీ ఎంత ముందుకు వస్తోందో చూడాలి. కారు కింద దూరే వారు స్టాండ్ల మీద నిలబెట్టిన కారు కిందికే దూరాలి, జాకీని మాత్రమే నమ్ముకోకూడదు. ప్రయాణం 12 మి.మీ. దగ్గర ఉండి కూడా క్లచ్ విడవకపోతే నేరం లోపలిది: తుప్పుతో ఫ్లైవీల్‌కు (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి) అంటుకుపోయిన ప్లేటో, విరిగిన ప్రెషర్ ప్లేట్ వేలో, పట్టేసిన పైలట్ బేరింగో (గేర్‌బాక్స్ షాఫ్టు కొనను పట్టి ఉంచే చిన్న బేరింగ్) అయి ఉండవచ్చు. ప్రయాణం 8 మి.మీ. కూడా దాటకపోతే లోపలి భాగాలను అనుమానించడానికి మీకు ఇంకా ఆధారం దొరకలేదన్నమాట.

గేర్‌బాక్స్ దించి మొత్తం క్లచ్ సెట్టు మార్చాలని గ్యారేజీ వారు అంటున్నారు. ఒప్పుకోవాలా?

పై కొలత చూపించేదాకా ఒప్పుకోకండి. నా మొదటి మియాటా విషయంలో ఒక గ్యారేజీలో సరిగ్గా ఇదే మాట చెప్పారు. డబ్బు ఇవ్వడానికి సిద్ధపడి కూడా, ఎందుకో ఒకసారి కిందికి వంగి స్లేవ్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు తొడుగును వేలితో వెనక్కి జరిపాను. కాఫీ డికాక్షన్ రంగులో ఉన్న ద్రవం జారి మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పాకింది. రోగ నిర్ధారణ అక్కడితో పూర్తయింది. ఆ కారు క్లచ్ ప్లేట్ ఆ తర్వాత కూడా సంవత్సరాల తరబడి పని చేసింది. గ్యారేజీ వారిది మోసమని నేను అనను. రెండు గంటల పనిని రెండు రోజుల పనిగా చూడటం చాలా చోట్ల అలవాటుగా మారింది, అంతే.

మాస్టర్ పోయిందా, స్లేవ్ పోయిందా?

స్లేవ్ సంగతి పైన చెప్పినట్లు రబ్బరు తొడుగు తీస్తే తెలుస్తుంది. ఆ తొడుగు లోపల పొడిగా ఉండాలి. కొద్దిపాటి చెమ్మ ఉన్నా కప్పు ద్రవాన్ని వదులుతోందని అర్థం.

మాస్టర్‌కు రెండు వైపులా చూడాలి. డ్రైవరు కాళ్ల దగ్గర, పెడల్‌కు కడ్డీ కలిసే చోట డాష్‌బోర్డు కింద వేలు పెట్టి తడుముకోండి. జిడ్డుగా తగిలినా, కార్పెట్ తడిగా ఉన్నా, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ) మీద రంగు బుడగలుగా లేచినా మాస్టర్ వెనక సీలు పోయినట్లే, ఎందుకంటే ఈ ద్రవం కారు రంగును తినేస్తుంది. ఇంజిన్ వైపు నుండి చూసినప్పుడు మాస్టర్ కింద అదే రకంగా రంగు ఊడి ఉంటుంది.

ఎక్కడా ఒక్క చుక్క కూడా కారడం లేదు, ద్రవం నిల్వ ఉండే డబ్బాలో మట్టం తగ్గడం లేదు. అయినా పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది. ఇదెలా సాధ్యం?

మాస్టర్ సిలిండర్ ముందు కప్పు అరిగినప్పుడు ద్రవం బయటికి పోకుండా, పిస్టన్ పక్క నుండి వెనక్కి జారి తిరిగి డబ్బాలోకే చేరుతుంది. బయటికి ఏమీ కనిపించదు. దీనిని పట్టుకోవడానికి పెడల్‌ను గట్టిగా కాకుండా, నెమ్మదిగా తొక్కి సగంలో అలాగే పట్టి ఉంచాలి. గబుక్కున తొక్కితే అరిగిన కప్పు కూడా ఒత్తిడికి విచ్చుకొని కాసేపు పని చేస్తుంది, నెమ్మదిగా తొక్కినప్పుడే దాని నిజ స్వరూపం బయటపడుతుంది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర మొదటి గేరులో పెడల్ తొక్కిపట్టి నిలబడినప్పుడు కారు తనంతట తాను ముందుకు పాకడం మొదలుపెడితే ముందుగా ఈ కారణాన్నే అనుమానించండి.

రబ్బరు గొట్టం ముసలిదైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. తొక్కిన ప్రతిసారీ గొట్టం ఉబ్బి ఒత్తిడిలో కొంత మింగేస్తుంది. మీ సహాయకుడు పెడల్ తొక్కేటప్పుడు గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే ఆ ఉబ్బు చేతికి తెలుస్తుంది.

దారి మధ్యలో క్లచ్ పోయింది. కారును ఇంటికి నడిపించుకు వెళ్లవచ్చా?

టో ట్రక్కు పిలవడమే ఉత్తమం. దగ్గర దూరమై, రద్దీ లేని దారి అయి, వేరే దిక్కు లేనప్పుడు మాత్రమే ఒక ఉపాయం ఉంది. ఇంజిన్ ఆపి, మొదటి గేరు వేసి, పెడల్ తొక్కిపట్టి స్టార్టు చేస్తే కారు ఒక్క కుదుపుతో ముందుకు కదులుతూనే ఇంజిన్ అందుకుంటుంది. అమెరికాలో అమ్మిన కార్లలో పెడల్ తొక్కనిదే స్టార్టరు తిరగని స్విచ్చి ఉంటుంది, కానీ దానికి కావలసింది పెడల్ కిందికి దిగడమే తప్ప హైడ్రాలిక్ ఒత్తిడి కాదు. తర్వాతి గేర్లను ఇంజిన్ వేగాన్ని చక్రాల వేగానికి సరిపడేలా చూసుకొని, బలవంతం లేకుండా జార్చాలి. ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజిన్ ఆపవలసి వస్తుందన్నది గుర్తుంచుకోండి. ముందు మనుషులు గానీ గోడ గానీ ఉన్నప్పుడు ఈ పని అసలు చేయకూడదు.

ఏ ద్రవం పోయాలి?

డాట్ 3 సరిపోతుంది, డాట్ 4 కూడా వేయవచ్చు. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 మరిగే స్థానం కనీసం 205 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చిన తర్వాత 140 డిగ్రీలు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. పేరు దగ్గరగా ఉన్నందున డాట్ 5ను కూడా అదే వరుసలోనిది అనుకొనేవారు ఉన్నారు. అది సిలికోన్ ద్రవం, తక్కినవాటితో కలవదు, ఈ వ్యవస్థలో పోయకూడదు. డాట్ 5.1 మాత్రం డాట్ 3, 4ల కుటుంబానిదే.

మన ఊళ్లలో దీనిని బ్రేక్ ఆయిల్ అనే పిలుస్తారు. పిలుపులో తప్పు లేదు గానీ, ఇది నూనె కాదు. ఆ పేరు విని ఎవరైనా ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోస్తే లోపలి రబ్బరు కప్పులన్నీ ఉబ్బి పాడవుతాయి, అప్పుడు రెండు సిలిండర్లూ గొట్టమూ కలిపి మార్చడం తప్ప మార్గం ఉండదు. సీసా మూత తీసి నెలల తరబడి షెడ్డులో పెట్టిన ద్రవం కూడా వాడకండి, అది గాలిలోని తేమను పీల్చుకొని ఉంటుంది.

స్లేవ్ సిలిండర్ మార్చే పద్ధతి వివరించండి.

కారు ముందు భాగాన్ని లేపి స్టాండ్ల మీద నిలపండి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. స్లేవ్‌ను గేర్‌బాక్స్‌కు పట్టి ఉంచేవి 12 మి.మీ. తల ఉన్న రెండు బోల్టులు. వాటిని విప్పే ముందే, అంటే సిలిండర్ ఇంకా గట్టిగా బిగించి ఉండగానే, రబ్బరు గొట్టం చివరి మరను సరైన పానాతో కొద్దిగా సడలించాలి. ముందే బోల్టులు విప్పేస్తే సిలిండర్ చేతిలో తిరుగుతూ ఉంటుంది, గొట్టం మర కదలదు. ఆ కోపంలో గొట్టాన్ని మెలిపెట్టి పాడుచేసుకున్నవాళ్లలో నేనూ ఒకడిని. మర సడలిన తర్వాత బోల్టులు తీసి, గొట్టాన్ని తిప్పకుండా సిలిండర్‌నే తిప్పుతూ గొట్టం నుండి వేరు చేయాలి. కింద ఒక పళ్లెం పెట్టుకోండి, రంగు ఉన్న చోట ద్రవం పడితే వెంటనే నీళ్లతో కడగండి.

కొత్త సిలిండర్‌ను అదే వరుసను తిరగేసి అమర్చాలి. పాత రాగి వాషరు ఉంటే దానిని మళ్లీ వాడకుండా కొత్తది వేయండి. కడ్డీ చివర ఫోర్క్ గుంటలో తాకే చోట గోరంత గ్రీజు చాలు. బోల్టులకు 20 న్యూటన్ మీటర్ల దాకా బిగింపు సరిపోతుంది, అవి దిగేది అల్యూమినియంలోకి కనుక బలం చూపించవద్దు. సిలిండర్ గేర్‌బాక్స్‌కు బిగించి ఉండనంతసేపూ ఎవరూ పెడల్ తొక్కకుండా చూడండి. తొక్కితే పిస్టన్‌ను ఆపేది ఏదీ లేక అది బయటికి ఎగిరి వస్తుంది, పనికి సాయం వచ్చిన పిల్లలు చేసే మొదటి పని పెడల్ తొక్కి చూడటమే.

గాలి తీయడం ఎలా?

ఇద్దరుంటే సులువు. స్లేవ్ మీద గాలి వదలడానికి ఉండే చిన్న మరకు, అంటే నిపుల్‌కు, పారదర్శక గొట్టం తొడిగి, రెండో చివరను కొద్దిగా ద్రవం పోసిన సీసాలో ముంచండి. పై మనిషి పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి, కింది మనిషి నిపుల్ సడలించి, ప్రవాహం ఆగకముందే బిగించాలి, అప్పుడే పై మనిషి కాలు తీయాలి. "తొక్కు", "పట్టుకో", "వదులు" అనే మూడు మాటలు ముందే అనుకొని మొదలుపెడితే సగం గొడవ తప్పుతుంది. నాలుగైదు సార్లకొకసారి డబ్బాలో మట్టం చూడండి. మియాటా క్లచ్‌కు ఉండే డబ్బా చాలా చిన్నది, అది ఒక్కసారి ఖాళీ అయితే మాస్టర్ గాలి పీలుస్తుంది, పని మొదటికి వస్తుంది.

పెడల్‌ను దడదడ తొక్కడం మంచిది కాదు. లోపలి పెద్ద బుడగ చిన్న బుడగలుగా చితికి ద్రవమంతా నురగ అవుతుంది, వాటిని బయటికి రప్పించడం మరింత కష్టం.

సీసాడు ద్రవం ఖర్చయింది, బుడగలు రావడం ఆగిపోయింది. అయినా పెడల్ పిండి ముద్ద మీద కాలు పెట్టినట్లు మెత్తగానే ఉంది. ఇప్పుడేం చేయాలి?

ఈ కారులో ఇది కొత్త కాదు. ఫైర్‌వాల్ దగ్గర నుండి స్లేవ్ దాకా వచ్చే గొట్టం ఎత్తుపల్లాలుగా, వంపులుగా సాగుతుంది. ఎత్తు మీద కూర్చున్న గాలి, కిందికి ప్రవహించే ద్రవంతో పాటు దిగిరాదు. దీనికి నాకు ఫలించిన పద్ధతి ఇది: స్లేవ్ రెండు బోల్టులూ విప్పి, గొట్టం ఊడదీయకుండా, సిలిండర్‌ను నిపుల్ పైకి వచ్చేలా పట్టుకొని, కడ్డీని బొటనవేలితో పూర్తిగా లోపలికి నొక్కాలి. నొక్కేటప్పుడు చాలా నెమ్మదిగా, వదిలేటప్పుడు ఇంకా నెమ్మదిగా. లోపలి ద్రవమూ దానితో పాటు గాలీ పైకి, డబ్బా వైపు వెళతాయి, డబ్బాలో బుడగలు లేవడం మీ సహాయకుడికి కనిపిస్తుంది. డబ్బా పొంగకుండా ముందే కొంత ద్రవం తీసి ఉంచుకోండి. పది పన్నెండు సార్లు చేసి, సిలిండర్ బిగించి, ఒక రాత్రి అలాగే వదిలేసి పొద్దున మళ్లీ మామూలు పద్ధతిలో ఒకసారి గాలి తీస్తే చాలావరకు కుదురుతుంది.

అప్పటికీ కుదరకపోతే గాలి మిగిలిందని కాక, మాస్టర్ కప్పు అరిగిందనో గొట్టం ఉబ్బుతోందనో అనుమానించే వేళ వచ్చినట్లు. చుట్టలు లేని స్టెయిన్‌లెస్ అల్లిక గొట్టం వేసుకుంటే ఉబ్బూ తగ్గుతుంది, గాలి దాగే వంపులూ తగ్గుతాయి.

కిట్ వేయాలా, కొత్త సిలిండర్ కొనాలా? ఒకటి పోతే రెండూ మార్చాలా?

కిట్ అంటే లోపలి కప్పులు, తొడుగు మాత్రమే మార్చడం. సిలిండర్ లోపలి గోడ అద్దంలా ఉంటే కిట్ చక్కగా పని చేస్తుంది. గోరు ఆనించి చూసినప్పుడు గుంటలు గానీ గీతలు గానీ తగిలితే కొత్త కప్పును కూడా అవి కొద్ది నెలల్లో కోసేస్తాయి. స్లేవ్ ధర తక్కువ కనుక దానికి కిట్ వేయడంలో నాకు లాభం కనిపించదు, మాస్టర్ విషయంలో మాత్రం గోడ చూసి నిర్ణయించుకోవచ్చు.

రెండూ ఒకే వయసువి అయితే రెండూ ఒకేసారి మార్చమనే నా సలహా. కొత్త స్లేవ్ వేశాక, ఇన్నాళ్లూ తక్కువ ఒత్తిడితో కాలక్షేపం చేసిన ముసలి మాస్టర్ మీద పూర్తి ఒత్తిడి పడుతుంది, వెంటనే అది కూడా మూలుగుతుంది.

మాస్టర్ మార్చిన తర్వాత పెడల్ సర్దుబాటు అవసరమా?

తప్పకుండా అవసరం. పెడల్‌ను వేలితో నొక్కినప్పుడు కడ్డీ పిస్టన్‌ను తాకే లోపు ఒకటి నుండి మూడు మిల్లీమీటర్ల దాకా వట్టి కదలిక ఉండాలి. డాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకొని, కడ్డీ మీది లాక్ నట్టు సడలించి, కడ్డీని తిప్పి ఆ కదలిక తెచ్చుకొని మళ్లీ బిగించాలి. పని చిన్నదే, మెడ నొప్పి మాత్రం రెండు రోజులు ఉంటుంది.

హైడ్రాలిక్స్ వల్ల క్లచ్ జారడం ఎప్పటికీ ఉండదా?

అరుదుగా ఉంటుంది, అది కూడా ఎక్కువగా పై సర్దుబాటును నిర్లక్ష్యం చేసినప్పుడే. పెడల్ వదిలినప్పుడు మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి, అప్పుడే డబ్బాకు వెళ్లే సన్నని రంధ్రం తెరుచుకొని మిగిలిన ఒత్తిడి విడుదలవుతుంది. వట్టి కదలిక లేకుండా కడ్డీని బిగిస్తే, లేదా తప్పు ద్రవం వల్ల కప్పు ఉబ్బితే, ఆ రంధ్రం మూసుకుపోయే ఉంటుంది. ఇంజిన్ వేడికి ద్రవం వ్యాకోచించి, ఎవరూ పెడల్ తొక్కకపోయినా స్లేవ్‌ను నెడుతూ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగా ఉండి, అరగంట నడిచాక జారే క్లచ్‌కు ఈ పరీక్ష చేయండి: జారుతున్నప్పుడు కారు ఆపి, స్లేవ్ నిపుల్‌ను ఒక క్షణం సడలించండి. ద్రవం పిచికారీలా చిమ్మి, జారడం ఆగిపోతే కారణం దొరికినట్లే. కళ్లద్దాలు పెట్టుకొని చేయండి.

ఇవే పద్ధతులు ఇతర స్పోర్ట్స్ కార్లకు వర్తిస్తాయా?

స్లేవ్ బయట ఉన్న వాటికి చాలావరకు వర్తిస్తాయి. నిస్సాన్ 370జెడ్, ఐదో తరం కార్వెట్ వంటి కార్లలో స్లేవ్ క్లచ్ ఉండే గూడు (బెల్ హౌసింగ్) లోపల, షాఫ్టు చుట్టూ వలయంలా ఉంటుంది. అక్కడ రబ్బరు తొడుగు జరిపి చూసే వీలు లేదు, గేర్‌బాక్స్ దించక తప్పదు. ఎలాగూ దించుతున్నారు కనుక అటువంటి కారులో క్లచ్ ప్లేట్ కూడా అప్పుడే మార్చడం తెలివైన పని.

ఇండియాలో ఉన్న మా మామూలు కారుకు కూడా హైడ్రాలిక్ క్లచ్చే. ప్రత్యేకంగా చూడవలసింది ఏమైనా ఉందా?

ఒకటుంది. అనేక కార్లలో క్లచ్‌కు వేరే డబ్బా ఉండదు, బ్రేక్ డబ్బా నుండే ఒక చిన్న గొట్టం క్లచ్ మాస్టర్‌కు వెళుతుంది. అటువంటి కారులో క్లచ్ కారుతున్నా తగ్గేది బ్రేక్ ద్రవమే. ఆ గొట్టాన్ని డబ్బాలో కాస్త పై ఎత్తున పెడతారు కనుక బ్రేకుకు కొంత నిల్వ మిగులుతుంది. అయినా మట్టం మళ్లీ మళ్లీ తగ్గుతుంటే పోస్తూ పోవడం కాక, ఎక్కడ పోతోందో ఆ రోజే వెతకాలి.

మరమ్మతు అయ్యాక ఎంత కాలానికి చూసుకోవాలి?

మొదటి వారంలో రెండు సార్లు స్లేవ్ తొడుగు కిందా, మాస్టర్ కడ్డీ దగ్గరా పొడి గుడ్డతో తుడిచి చూడండి. ఆ తర్వాత రెండేళ్లకొకసారి ద్రవం మార్చండి. ఈ మధ్యలో డబ్బాలో ద్రవం నల్లబడితే గడువు కోసం ఎదురుచూడకండి, ఆ నలుపులో అధిక భాగం కప్పుల నుండి అరిగి వచ్చిన రబ్బరే.